ఉత్తుత్తి నాబు

ఒక మనిషికి పన్నెండేళ్లపాటు ఒక్క మెచ్చుకోలు మాట దక్కకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. తింటాడు, పడుకుంటాడు, పనికి పోతాడు. కాకపోతే ఆ మాట ఎప్పుడో పొరపాటున ఎదురుపడితే, దాన్ని వదులుకోవడానికి మాత్రం వాడికి చేతులు రావు. మెకానిక్ చేసిన పాడుపనికి మూలం ఇంతే. ఇంకేదో పెద్ద కారణం ఉంటుందని వెతక్కండి, దొరకదు.

మెకానిక్ కొట్టు అక్కాబావల ఇంటి కింది గది. పదిహేనేళ్ల వయసులో ఒక రేకుపెట్టె పట్టుకుని అక్క పంచన చేరాడు. రేడియోల కొట్టులో పని నేర్చాడు, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. పెళ్లి ఊసెత్తితే "ఈ ఒక్క సెట్టూ అయిపోనీ అక్కా" అనేవాడు. ఆ ఒక్క సెట్టూ జుట్టు నెరిసేదాకా అవలేదు. మధ్యాహ్నం, రాత్రి పైకెళ్లి అక్క చేతి కూడు తినేవాడు. మెట్లెక్కేముందు చేతులు కడుక్కుని మరీ వెళ్లేవాడు. అయినా "ఇల్లంతా సోల్డరు కంపు" అని బావ ముక్కు మూసుకునేవాడు.

ఆ బావ స్టీలు గిటారు వాయిద్యగాడు. గిటారును ఒళ్లో పడుకోబెట్టి, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ వాయిస్తాడు. మామూలు గిటారుకు ఇక్కడ ఈ స్వరం, అక్కడ ఆ స్వరం అని మెట్లు ఉంటాయి. దీనికవేవీ లేవు. కడ్డీ ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలి. వెంట్రుకవాసి తేడా వస్తే అభాసే. పెద్ద హోటల్లోని డాన్సు హాల్లో వారానికి ఆరు సాయంత్రాలు బావ వాయించేవాడు, ఊళ్లో సగంమంది ఆయన్ని "మాస్టారు" అనే పిలిచేవాళ్లు. ఇంట్లో మాత్రం బావమరిదిని "ఒరేయ్ ఫ్యూజూ" అనేవాడు.

ఒక రోజు బావ రిక్షాలో ఒక పాత ఆంప్లిఫయర్ తెచ్చి కొట్లో దించాడు. బావ కన్నా పెద్ద వయసుది. గాజుబుడ్ల లాంటి పాతకాలపు వాల్వులది. గోధుమరంగు గుడ్డ చిరిగి వేలాడుతోంది, లోపల ఎలుకలు కాపురం పెట్టిన ఆనవాళ్లు ఉన్నాయి.

"దీని గొంతు బంగారంరా. కానీ సగం దాకా సౌండు పెంచితే చాలు, పగిలిపోతోంది. చూడు ఏమైనా చెయ్యగలవేమో. నీ వల్ల కాదనుకో, కాదని చెప్పెయ్, ఇంకెవరికైనా ఇస్తాను."

ఆ ఆఖరి మాట అనకపోతే బావకు అన్నం సహించదు.

మెకానిక్ నలభై రోజులు పట్టాడు. ఆ పెట్టెను చేసింది మామూలు గిటారు కోసం. మీటి వదిలేసే వాయిద్యానికి స్వరం కాస్త చిట్లినా అందంగానే ఉంటుంది. స్టీలు గిటారు అలాకాదు, స్వరం సాగాలి, సాగినంతసేపూ చివరిదాకా నునుపుగా ఉండాలి. గట్టిగా మీటగానే లోపలి కరెంటు నీరసపడిపోతోందని కనిపెట్టి, దాన్ని సరఫరా చేసే పాత వాల్వు పీకి డయోడ్లు వేశాడు. ఎండిపోయిన కండెన్సర్లన్నీ మార్చాడు. సన్నపాటి ట్రాన్స్‌ఫార్మరు తీసేసి, రెండింతలది సొంతచేత్తో చుట్టాడు. మూడుసార్లు లెక్క తప్పింది, మూడుసార్లూ విప్పి మళ్లీ చుట్టాడు. చూపుడువేలు చర్మం లేచిపోయింది. చిన్న స్పీకరు ఊడదీసి జానెడున్నర వెడల్పుది బిగించి, దానికి తగ్గ పెట్టె వడ్రంగి పక్కన కూర్చుని చేయించాడు.

నలభై ఒకటో రోజు బావ వచ్చి కూర్చుని, కడ్డీ పెట్టి ఒక్క తీగ మీటాడు. ఆ స్వరం గదిలో లేచి, కిటికీ దాటి, వీధిలోకి పోయింది. ఎక్కడా చిన్న గీత కూడా పడలేదు. తడి చేతులతో గుమ్మంలో నిలబడ్డ అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది.  మెకానిక్ బావ ఏమంటాడా అని చూస్తూ ఉండిపోయాడు.

"చూశావా, నా కడ్డీలో ఎంత మహిమ ఉందో!" అన్నాడు బావ.

అంతే! ఆ తర్వాత హాల్లో ఎవరు వచ్చి "మాస్టారూ, ఆ సౌండు ఎలా వస్తుంది?" అని అడిగినా చెయ్యి పైకెత్తి "వేళ్లు నాయనా, వేళ్లు" అనేవాడు. వెనక వరసలో కూర్చున్న మెకానిక్ తన వేళ్లు చూసుకునేవాడు.   అక్క మొగుడు, అన్నం పెట్టిన మనిషి. ఏమంటాడు?

అలా పన్నెండేళ్లు గడిచాక ఒక రోజు పొద్దున్నే బావ ఆంప్లిఫయరును మళ్లీ కొట్లోకి మోయించుకొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"పైస్వరాల్లో మెరుపు చచ్చిపోయిందిరా. దుప్పటి కప్పినట్టు ఉంది. వాల్వులు పోయాయేమో చూడు."

మెకానిక్ అన్నీ చూశాడు. వాల్వులు బాగున్నాయి. స్పీకరు బాగుంది. ఏ మూల మీటరు పెట్టినా ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఆఖరికి ఈల పెట్టె తీశాడు. సన్నటి ఈల లాంటి స్వరం పుట్టించే చిన్న యంత్రం అది, చక్రం తిప్పితే స్వరం పైకి పోతూ ఉంటుంది. ఆంప్లిఫయరుకు తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు. ఈల సన్నబడి, సూదిలా అయింది. మెకానిక్ పళ్లు జివ్వుమన్నాయి. బావ తాపీగా ఎదురుచూస్తున్నాడు.

"ఈల పెట్టావా?" అన్నాడు బావ.

సరిగ్గా అప్పుడే అక్క రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో లోపలికొచ్చింది. వస్తూనే భుజాలు రెండూ చెవుల దాకా ఎగరేసి, మొహం చిట్లించి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం, మెడ పట్టేసిందా?" అన్నాడు బావ.

అక్క మొగుడి వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. ఆమె అమాయకురాలు కాదు. మెకానిక్ గబుక్కున ఈల ఆపేశాడు.

"ఆ. పొద్దుట్నించీ పట్టేసింది," అంది అక్క.

సాయంత్రం మెట్ల దగ్గర తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "నేను చెబితే నా మీద విరుచుకుపడతారు, నమ్మరు. నువ్వు చెప్పరా. నీ చేతిలో మీటరుంది, దాని మాట వింటారు. చెవుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్దాం. ఉన్నదైనా మిగులుతుంది."

"రేపే చెప్తానక్కా," అన్నాడు.

చెప్పాలనే అనుకున్నాడు, అందులో అబద్ధం లేదు. రాత్రంతా మాటలు కూడగట్టుకున్నాడు. కానీ మర్నాడు బావ వచ్చి ఎప్పుడూ లేనిది, మెకానిక్ ఎదురుగా ఉన్న పొట్టి స్టూలు మీద కూర్చున్నాడు. కస్టమర్లు కూర్చునే స్టూలు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, "ఒరేయ్, ఏదో ఒకటి చెయ్యరా. నువ్వే చెయ్యాలి. ఆ మెరుపు లేకపోతే నేనెందుకూ పనికిరాను," అన్నాడు. ఫ్యూజు అనలేదు. ఇంకెవరికైనా ఇస్తానని అనలేదు. పన్నెండేళ్లలో మొదటిసారి బావ మెకానిక్‌ని బతిమాలుతున్నాడు. ఆ బతిమాలడం మెకానిక్‌కు తియ్యగా ఉంది. సిగ్గుచేటైన మాటే, కానీ ఉన్నమాట.

ఈ పనిలో ఒక పాత అలవాటుంది. సెట్టులో ఏ లోపమూ ఉండదు, అయినా కస్టమరు వినడు, ఏదో తేడాగా ఉందని ప్రాణం తీస్తాడు. అప్పుడు పెట్టెకు ఒక కన్నం వేసి, కొత్త నాబు ఒకటి బిగించి ఇస్తారు. దాని వెనక వైరు ఉండదు. దేనికీ తగలదు. ఉత్తుత్తి నాబు అంటారు దాన్ని. కస్టమరు తిప్పుకుంటాడు, తేడా వినిపించిందనుకుంటాడు, సంతోషంగా పోతాడు. రేడియోల కొట్టు ముసలాయన మెకానిక్‌కు మొదటి ఏడాదిలోనే నేర్పిన కిటుకు ఇది. "వాడి చెవిని రిపేరు చెయ్యడం మన పని కాదురా" అనేవాడాయన నవ్వుతూ.

మెకానిక్ ఆ రోజు కన్నం వేసి, నల్లటి నాబు బిగించి, పక్కన తెల్లరంగుతో ఒకటి నుంచి పది దాకా అంకెలు రాశాడు. బావ కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. మెకానిక్ నాబును నాలుగు మీద పెట్టాడు. బావ ఒక తీగ మీటాడు.

"అదీ! అదిరా!" అని బావ స్టూలు మీంచి లేచాడు. "వచ్చింది మెరుపు! ఏం చేశావురా?"

"కొత్త సర్క్యూటు బావా," అన్నాడు మెకానిక్.

ఆ సాయంత్రం హాల్లో రెండో పాట అయ్యాక బావ మైకు దగ్గరకు వెళ్లాడు. "ఇన్నాళ్లూ నా వేళ్లు అని చెప్పుకున్నాను. తప్పు. మా బావమరిది లేకపోతే ఈ స్వరం లేదు. అదిగో, ఆ వెనక నిలబడ్డాడు. చేతుల్లో విద్య ఉన్న మనిషి." జనం వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. మెకానిక్‌కు ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.  వేలి చర్మం లేచిపోయేలా పనిచేసిన నలభై రోజులకు రాని మాట, అసలు చెయ్యని పనికి వచ్చింది. ఆ సంగతి తెలిసీ ఆ మాటను ఎవరూ లాక్కోకుండా గుండెకు హత్తుకున్నాడు.

ఇంటికెళ్లేసరికి అక్క మెట్ల మీద కాచుకుని కూర్చుంది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

నాలిక ఎలా తిరిగిందో ఏమో. "ఆయనకి ముందే తెలుసట. వయసుతో వచ్చేదే, డాక్టరు చేసేదేం లేదన్నారు. ఇంట్లో ఆ ఊసెత్తొద్దన్నారు. నీతో కూడా."

 "పోనీలే. తెలుసుగా, అది చాలు," అని అక్క కొంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్లింది. తమ్ముడు తనతో అబద్ధమాడతాడని ఆమెకు కల్లో కూడా రాదు. మొగుడి పరువు కాపాడుతున్నాననుకుని, ఆ రోజు నుంచి ఆ మాట పెదవి దాటనివ్వలేదు. తను ఒకటడిగితే బావ ఇంకొకటి వినిపించుకున్నా సర్దుకుపోయింది. గట్టిగా మాట్లాడడం, వంట మధ్యలోంచి నడిచొచ్చి ఎదురుగా నిలబడి చెప్పడం అలవాటు చేసుకుంది.

రెండేళ్లు గడిచాయి. నాబు నాలుగు నుంచి ఏడుకు, ఏడు నుంచి పదికి పోయింది. పది తర్వాత అంకె లేదు కాబట్టి బావ సౌండు పెంచడం మొదలుపెట్టాడు. స్పీకరు పెట్టెను నేల మీంచి తీసి కుర్చీ మీద పెట్టించాడు, తల పక్కనే, మూరెడు దూరంలో. "ఇంకాస్త దమ్ము కావాలిరా" అన్నాడు. మెకానిక్ ఈసారి ఉత్తుత్తి పని చెయ్యలేదు. నిజంగానే పెద్ద వాల్వులు వేసి, పెట్టె బలం రెట్టింపు చేశాడు. అంత చప్పుడు చెవి పక్కన పెట్టుకుంటే ఏమవుతుందో వాడికి తెలియదా? లక్షణంగా తెలుసు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాడు. ఈపాటికి చెప్పడమంటే రెండేళ్ల అబద్ధాన్ని కూడా చెప్పుకోవాలి. హాల్లో బావ మెకానిక్ భుజం మీద చెయ్యి వేసి "మావాడు" అని పరిచయం చేస్తున్నాడు మరి.

బృందంలో పియానో వాయించే ఆవిడ ఒక రోజు మెకానిక్‌ని పక్కకు పిలిచింది. "మాస్టారు పైతీగల మీద శ్రుతి దాటుతున్నారండీ. ఒకసారి చెవులు చూపిస్తే మంచిది. మీరు చెబితే వింటారు."

"ముందు మీ పియానో శ్రుతి చూయించుకోండమ్మా," అన్నాడు మెకానిక్. ఆవిడ మొహం మాడిపోయింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

చివరికి బండారం బయటపడ్డ పూట మెకానిక్ అక్కడ లేడు. పిప్పిపన్ను పీకించుకోవడానికి వెళ్లాడు. హాల్లో రిహార్సలు మధ్యలో ఆంప్లిఫయరు గప్‌చిప్‌గా ఆగిపోయింది. మాడింది ఒక ఫ్యూజు, అంతే. హోటలు ఎలక్ట్రీషియన్ వెనక పలక విప్పి, టార్చి వేసి చూసి, కిసుక్కున నవ్వాడు.

"మాస్టారూ, ఈ నాబుకి వైరే లేదు! దేనికి తిప్పుతున్నారు దీన్ని?"

డ్రమ్ములాయన పగలబడి నవ్వాడు. బావ కూడా నవ్వాడట మొదట. తర్వాత వంగి, లోపల వేలుపెట్టి నాబు వెనక తడిమి చూశాడట. లేచి నిలబడి, పియానో ఆవిడనొక్కదాన్నే అడిగాడట: "నిజం చెప్పమ్మా. నేను శ్రుతిలో వాయిస్తున్నానా?" ఆవిడ తలొంచుకుంది. బావ కడ్డీని తుడిచి, గిటారును పెట్టెలో పెట్టి, గొళ్లెం వేసి ఇంటికొచ్చేశాడు. ఈ మాటలన్నీ ఆ తర్వాత పియానో ఆవిడే మెకానిక్‌కు ఫోను చేసి చెప్పింది. చెప్పి, "ఇప్పుడు నా పియానో శ్రుతి బాగానే ఉందాండీ?" అని అడిగి పెట్టేసింది.

నాలుగు రోజులు బావ మేడ దిగలేదు. మెకానిక్ మేడ ఎక్కలేదు. అక్క కంచం కిందికే పంపింది. దవడ వాచిందనే సాకు చెప్పుకున్నాడు. ఐదో రోజు అక్క మెట్ల మీంచి పిలిచింది, "రా, మీ బావ రమ్మంటున్నారు."

పైన బల్ల మీద చెవుల డాక్టరు ఇచ్చిన కాగితం ఉంది. బావ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. అక్కే చెప్పింది, బావకు వినిపించేలా గట్టిగా, అక్షరం అక్షరం విడదీసి. "పైస్వరాలు ఎప్పుడో పోయాయట. అవి ఎలాగూ రావట. కిందివి, మాటలు వినపడే చెవి, అది ఈ రెండేళ్లలో పోయిందట. చప్పుడు వల్లే. అప్పుడే వచ్చి ఆ స్పీకరుకి దూరంగా జరిగి ఉంటే మిగిలేదన్నాడు. ఈ మిగిలిందీ ఇంకెన్నాళ్లో ఉండదన్నాడు."

"అప్పుడు మనకేం తెలుసే," అన్నాడు బావ.

అక్క ఆయన వైపు తిరిగింది. "తెలియకపోవడమేంటి? తమ్ముడు మీకు చెప్పాడుగా. డాక్టరు వద్దని మీరేగా అన్నారు."

"ఏం చెప్పాడు?"

"మీ చెవి సంగతి. నాబు పెట్టిన రోజున."

"నాకెవరూ ఏం చెప్పలేదు."

 అక్క నెమ్మదిగా తమ్ముడి వైపు చూసింది. కోపంగా చూడలేదు. ఎక్కడో చూసినట్టుంది, ఎవరబ్బా ఈ మనిషి, అని గుర్తుపట్టడానికి తంటాలు పడుతున్నట్టు చూసింది. ఆ చూపు కన్నా చెంప పగలగొట్టినా బాగుండేది.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు బావ. తిట్టడం లేదు. అడుగుతున్నాడు.

మెకానిక్ నేల చూపులు చూశాడు. అబద్ధాలు అయిపోయాయి. "ఆ రోజు హాల్లో అందరిముందూ నన్ను మెచ్చుకున్నారు బావా," అని గొణిగాడు. "అసలు సంగతి చెబితే ఆ మాట పోతుందని."

బావ చెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగాడు. "గొంతు వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. గట్టిగా చెప్పు."

మెకానిక్ అక్క వైపు చూశాడు, సాయం కోసం. వీధివైపు కిటికీ బార్లా తెరిచి ఉంది. అక్క దాన్ని మూయడానికి లేచి, రెక్క మీద చెయ్యి వేసి, ఏమనుకుందో, మూయకుండానే వచ్చి కూర్చుంది.

"చెప్పరా," అంది. "ఆయనకి వినపడాలి కదా."

"మెచ్చుకున్నారని!" అని అరిచాడు మెకానిక్.  "నన్ను మెచ్చుకున్నారని బావా! అందుకే చెప్పలేదు!"

వీధిలో సైకిలు మీద పోతున్న మనిషి తలెత్తి కిటికీ వైపు చూశాడు. బావకు ఈసారి వినపడింది, మొహం చూస్తేనే తెలుస్తోంది. చెవి వెనక చెయ్యి తీశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.